ఈ రికార్డు ఎవరిదో చెప్పగలరా? పనిలో పనిగా, మనం పుట్టని కాలం మీద ఈ బెంగేమిటి?

కొండమీది_శీను · శనివారం రాత్రి 10:52

అందరికీ నమస్తే. మాది చీరాల. ఇప్పుడు షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ. ఈ ఊళ్ళో ఎటు పోవాలన్నా కొండెక్కాలి, అందుకే ఆ పేరు పెట్టుకున్నాను.

విషయం ఏమిటంటే, నా గదిలో నాకన్నా ముందున్న కుర్రాడు ఖాళీ చేస్తూ సూట్‌కేసులాంటి రికార్డ్ ప్లేయర్ ఒకటి వదిలేసి పోయాడు. మూత తీస్తే పళ్ళెం, ముల్లు, రెండు బుల్లి స్పీకర్లు. రికార్డుల్ని మా తాతయ్య ఇంటి అటక మీద చూడటమే గానీ మోగగా ఎప్పుడూ వినలేదు. ఉంది కదా అని పోయిన వారం పాత సామాన్ల కొట్లో 50 పెన్నీలు పెట్టి ఓ చిన్న రికార్డు తెచ్చాను. టిఫిన్ ప్లేటంత ఉంది. అట్ట లేదు. ధర చీటీని గోటితో గీకుతుంటే దాని కింద కాగితం కూడా లేచొచ్చింది. రెండో వైపు ఎవరో పుణ్యాత్ములు అక్షరాలన్నీ స్కెచ్‌పెన్నుతో కొట్టేసి పెద్ద గుండె బొమ్మ వేశారు. కాబట్టి ఇది ఎవరి పాటో తెలిసే దారి లేదు.

చర్చిలో ఆర్గాన్ వాయించినట్టు మొదలవుతుంది. తర్వాత డ్రమ్ములు, నింపాదిగా, ఊరేగింపు నడకలో. వెనక వయొలిన్లు. పాడేది ఎవరో మగాయన. లోతైన గొంతు, నిద్రమత్తులో ఉన్నట్టు. మాటలు సరిగ్గా అందడం లేదు గానీ నడుమ నడుమ 'లార్డ్... లార్డ్...' అని పిలుస్తున్నట్టుంది. అయిదు నిమిషాల చిల్లర సాగుతుంది. పాట విని పేరు చెప్పే షజామ్ యాప్ పెట్టి చూశాను, నాలుగుసార్లూ చేతులెత్తేసింది.

వారం రోజులుగా ఇదే పాట. వింటుంటే 1960ల్లో ఎక్కడో వానలో, బస్టాపులో, ఎవరి కోసమో నిలబడ్డట్టుంటుంది. నేను పుట్టింది 2001లో. ఆ బస్టాపుతో నాకేం సంబంధం? ఒకటి, పాట ఎవరిదో చెప్పండి. రెండు, ఈ జబ్బుకో పేరుంటే చెప్పండి.

రెండో_చరణం · శనివారం రాత్రి 11:20

లోతు గొంతు, వయొలిన్లు, దిగులు, పైగా షెఫీల్డ్. నా పందెం రిచర్డ్ హాలీ మీద. మీ ఊరివాడే. కొన్నాళ్ళు పల్ప్ అనే బ్యాండు వాళ్ళతో గిటారు వాయించాడు. 2005లో 'కోల్స్ కార్నర్' అని ఒక ఆల్బమ్ తెచ్చాడు. అట్ట దగ్గర్నుంచి గొంతు దాకా యాభైల నాటి సరుకులా ఉంటుంది. మరుసటి ఏడాది మెర్క్యురీ బహుమతి (ఏటా ఒక మంచి ఆల్బమ్‌కి ఇస్తారు) దానికి రాకుండా మీ ఊరి కుర్రాళ్ళ బ్యాండే ఆర్కిటిక్ మంకీస్‌కి వస్తే, గెలిచినవాళ్ళే వేదిక మీద నిలబడి 'హాలీని దోచేశారు, ఎవరైనా 999కి (అక్కడి పోలీసు నెంబరు) ఫోన్ చేయండి' అన్నారు.

నీ రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. కోల్స్ కార్నర్ అంటే ఫార్‌గేట్, చర్చ్ స్ట్రీట్ కలిసే మూల. ఒకప్పుడు అక్కడ కోల్ బ్రదర్స్ వాళ్ళ పెద్ద కొట్టు ఉండేది, అన్ని రకాల సామానూ దొరికేది. ప్రేమలో ఉన్నవాళ్ళు 'కోల్స్ మూల దగ్గర కలుద్దాం' అనుకునేవాళ్ళట. ఆ కొట్టు 1963లోనే వేరే చోటికి మారిపోయింది. హాలీ పుట్టింది 1967లో. అంటే ఆయన కూడా తను పుట్టకముందే ఎత్తేసిన కొట్టు ముందు నిలబడి ఎదురుచూస్తూ పాడుతున్నాడు. నీ జబ్బు నీ ఒక్కడిదే కాదు తమ్ముడూ.

గోదారి_గిటార్ · శనివారం రాత్రి 11:41

హాలీ కాకపోతే లాస్ట్ షాడో పపెట్స్ అనే బ్యాండు. 2008. ఆర్కిటిక్ మంకీస్ అలెక్స్ టర్నర్, మైల్స్ కేన్ కలిసి చేశారు. అరవైల నాటి గాయకుడు స్కాట్ వాకర్ మోజులో పడి వయొలిన్లు దండిగా పెట్టించారు. కానీ అవి గుర్రాలు పరిగెత్తినట్టుంటాయి, ఊరేగింపు నడక కాదు. 'లార్డ్' కూడా కుదరదు.

కొత్త_ఒరవడి · ఆదివారం ఉదయం 8:05

పాట ఎవరిదో నాకు తెల్వది గని, రెండో ముచ్చటకు నేను చెప్త. అది జబ్బు కాదు, యాపారం. యాభై ఏండ్ల కింద అయిపోయిన పాటను మళ్ల గట్లనే కొట్టుడు, గవే అంగీలు తొడుగుడు, ఫొటోలకు గదే పసుపురంగు పూసుడు. మన దగ్గర పాత హీరో పాటను కొత్త హీరో రీమిక్స్ చేస్తే అందరం తిడ్తం. ఇంగ్లండోడు చేస్తే 'రెట్రో' అని నెత్తిన పెట్టుకుంటం. నాకైతే సమజైతలేదు.

గోదారి_గిటార్ · ఆదివారం ఉదయం 9:30

అన్నా, రీమిక్స్‌కీ దీనికీ పోలికే లేదు. మన రీమిక్సు పాత ట్యూను తీసుకుని దాని వాసన పారబోస్తుంది. వీళ్ళు వాసన ఉంచుకుని ట్యూను కొత్తగా కడతారు.

వాయించేవాడిగా ఒకటి చెప్తా. పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటారు ఉంటుంది చూశారూ, ప్రతి తీగకూ పక్కనే ఓ జత తీగ. కింది స్వరాల తీగలకు జతగా ఉండేది ఒక స్థాయి పైన మోగుతుంది. రెండూ వెంట్రుకవాసి తేడాతో ఉండేసరికి గజ్జెలు మోగినట్టు మెరుపొస్తుంది. 1964లో బీటిల్స్ జార్జ్ హారిసన్ దాన్ని వాయిస్తే విని అమెరికాలో బర్డ్స్ అనే బ్యాండు వాళ్ళు పట్టుకున్నారు. అక్కణ్ణుంచి తిరిగి సముద్రం దాటి మాంచెస్టర్‌లో స్మిత్స్ బ్యాండు జానీ మార్ చేతికి, లివర్‌పూల్‌లో లాజ్ అనే బ్యాండు చేతికి వచ్చింది. ఇంగ్లిషువాళ్ళు దీన్ని 'జాంగిల్' అంటారు. నేను రాజమండ్రిలో మామూలు ఆరు తీగల గిటారు మీద ఆ మోత రాబట్టాలని రెండేళ్ళు కుస్తీ పట్టాను. రాలేదు. రాకపోయినా నాకంటూ ఓ రెండు ట్యూన్లు మిగిలాయి. ఈ ఇండీ (పెద్ద కంపెనీల అండ లేకుండా పాడుకునే) కుర్రాళ్ళలో సగంమంది కథ ఇదేనని నా అనుమానం.

మోనో_మూర్తి · ఆదివారం ఉదయం 11:15

పెద్దవాణ్ణి, కాస్త పెద్ద ఉత్తరమే రాస్తాను, ఓపిక పట్టండి.

ఎనభైల మొదట్లో మద్రాసులో రికార్డింగ్ థియేటర్లో సహాయకుడిగా చేరాను. అప్పటికింకా పాటంటే వాద్యబృందం, గాయకుడు ఒకేసారి కూర్చుని మొదలుపెట్టి చివరిదాకా వాయించడమే. చివరి చరణంలో ఫ్లూటు తప్పితే మళ్ళీ మొదటికి. అందువల్ల ఒకరి మైకులోకి ఇంకొకరి శబ్దం కారేది. వయొలిన్ మైకులో తబలా, గాయకుడి మైకులో వయొలిన్. దాన్ని మేం లోపం అనుకునేవాళ్ళం. ఇప్పుడు నా కంప్యూటర్లో ప్రతి వాద్యం విడివిడిగా, కడిగిన ముత్యంలా ఉంటుంది. వింటే గదిలో మనుషులున్నట్టనిపించదు.

శీను చెప్పే బస్టాపు ఆ కారడంలోనే ఉంది. లాస్ ఏంజలస్‌లో గోల్డ్ స్టార్ అని స్టూడియో ఉండేది. ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత అక్కడ చిన్న గదిలో పట్టనంతమందిని కూర్చోబెట్టి, ఒకే వరసను మూడు గిటార్ల మీద, రెండు మూడు పియానోల మీద వాయించేవాడు. ఆ మొత్తాన్నీ సిమెంటు పూసిన ఖాళీ గదిలోకి స్పీకరు ద్వారా వదిలి, అవతలి మూల మైకు పెట్టి పట్టేవాడు. ఏది పియానో, ఏది గిటారో విడదీయలేం. అంతా కలిసి గోడలా మీదికొస్తుంది. (మనిషి మాత్రం దుర్మార్గుడు. హత్య కేసులో శిక్షపడి జైల్లో ఉండగానే 2021లో పోయాడు. పనితనం వేరు, మనిషి వేరు అని చెప్పి తప్పించుకోవడం నాకు రాదు, అందుకే రాస్తున్నాను.)

1963లో ఆ గదిలోనే రోనెట్స్ పాడిన 'బీ మై బేబీ' మొదట్లో హాల్ బ్లెయిన్ డ్రమ్ము వినండి: ధం... ధ-ధం... టక్! అంతే. సరిగ్గా ఆ దెబ్బనే 1985లో స్కాట్లండ్ కుర్రాళ్ళు జీసస్ అండ్ మేరీ చెయిన్ ఎత్తుకొచ్చి 'జస్ట్ లైక్ హనీ' మొదట్లో పెట్టారు. కింద పాత దెబ్బ, పైన ఆంప్లిఫయర్ కీచుమనే రొద. కొత్త_ఒరవడి గారు దీన్ని నకలంటారా? స్పెక్టర్ చెవిన పడితే తలుపేసుకునేవాడు.

శీనూ, ఒక చిన్న అనుమానం. చిన్న రికార్డులో ఒక పాట అయిదు నిమిషాల పైనా? ఉండకూడదని కాదు గానీ... పాట అయిపోయాక ముల్లు తిరిగే నున్నటి చోట సన్నగా నెంబరు గీకి ఉంటుంది. పగటి వెలుతురులో వంచి చూసి ఇక్కడ రాయి.

కొండమీది_శీను · ఆదివారం మధ్యాహ్నం 1:02

చూస్తాను మూర్తి గారూ. ఇక్కడ పగటి వెలుతురు దొరకడమే కష్టంగా ఉంది. హాలీని పొద్దున్నుంచీ విన్నాను. అమోఘం, కానీ ఈ గొంతు కాదు. నావాడు ఇంకా బద్ధకస్తుడు.

మధ్యాహ్నం కోల్స్ మూలకి వెళ్ళి నిలబడి వచ్చాను. ఏమీ లేదు. ఒకమ్మాయి ఫోన్ చూసుకుంటూ ఎవరి కోసమో ఎదురుచూస్తోంది, అంతే. ఉన్నదల్లా చాలనిపించింది.

కొత్త_ఒరవడి · ఆదివారం మధ్యాహ్నం 2:40

మూర్తి సార్, మీరు చెప్పిన ఆ కీచు రొద ముచ్చట ఒప్పుకుంట. అది కొత్తదే. మరి పిపెట్స్ సంగతేంది? బ్రైటన్ల ముగ్గురు పోరగాండ్లు, కాదు పోరీలు, చుక్కల గౌన్లు ఏసుకొని, చేతులు ఒక్కతీరుగ తిప్పుకుంట పాడుతరు. 2006ల ఆల్బమ్ తెచ్చిన్రు. వెనక వాయించే మొగపిల్లల పేరు 'క్యాసెట్స్'. అది ఫ్యాన్సీ డ్రెస్ పోటీ కాకపోతే ఏంది?

బెల్‌గ్రేవ్_వాణి · ఆదివారం సాయంత్రం 4:18

ఫ్యాన్సీ డ్రెస్సే తమ్ముడూ, కాదన్నదెవరు? కానీ అరవైల్లో అలాంటి పాటల్లో అమ్మాయి ఫోన్ పక్కన కూర్చుని వాడెప్పుడు చేస్తాడా అని ఏడ్చేది. ఈ ముగ్గురూ అదే గౌను వేసుకుని, అదే చప్పట్లు కొడుతూ, 'పోరా' అంటారు. చుక్కల గౌను లేకపోతే ఆ చురక తగలదు.

అలిపిరి_మెట్టు · ఆదివారం సాయంత్రం 5:55

చర్చ బాగుంది. మా తిరపతి తరఫున ఒక ముక్క. శీను పాటలో 'లార్డ్' అంటున్నాడంటే నాకు గుర్తొచ్చింది. 1996లో కులా షేకర్ అని ఇంగ్లండు బ్యాండు 'గోవిందా' అని పాడింది. పాటంతా సంస్కృతమే! అక్కడ మొదటి పదిలోకి ఎక్కింది. గిటార్లు, ఆర్గాన్ మోతా చూస్తే 1967 నాటి హిప్పీల సరుకు. పాడింది క్రిస్పియన్ మిల్స్, నటి హేలీ మిల్స్ కొడుకు.

ఆ బ్యాండు పేరు ఎవరిదనుకున్నారు? కులశేఖర ఆళ్వారుది. శ్రీవారి గర్భాలయం ముందుండే గడపను మేం కులశేఖరపడి అంటాం. నీ గుడి ముందు గడపగా పడి ఉన్నా చాలు, నీ మొహం చూస్తుంటాను అని ఆయన పాడుకున్నాడు కాబట్టి. క్యూలో తోసుకుంటూ పోయి ఆ గడప దాకా చూసి వెనక్కొచ్చే మాకు, దాని పేరు లండన్ గిటారు కుర్రాళ్ళకు తగిలిందంటే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. పాట మాత్రం ఆ బాణీలో గోవింద నామం కొట్టుకుంటూ మెట్లెక్కడానికి పనికిరాదు. నేను ప్రయత్నించా. గాలిగోపురం దాకా కూడా రాలేకపోయా.

కొత్త_ఒరవడి · ఆదివారం సాయంత్రం 6:20

చూసిన్రా, మన గోవిందుడిని గూడ ఎత్తుకపోయిన్రు 😄

రెండో_చరణం · ఆదివారం రాత్రి 8:45

నకలు, వ్యాపారం అంటున్నారు కాబట్టి డబ్బు సంగతే మాట్లాడదాం.

ఎనభైల నడుమ బ్రిటన్‌లో పెద్ద పాపంటే సింథసైజర్లు, మెరిసే భుజాల కోట్లు, లక్షలు పోసి తీసిన వీడియోలు. చేతిలో డబ్బుల్లేని కుర్రాళ్ళకు దొరికేవి పాత గిటార్లు, అమ్మానాన్నల రికార్డులు, పాత బట్టల కొట్లో కోటు. అవి అప్పట్లో చవక. అంతకుముందే గ్లాస్గోలో పోస్ట్‌కార్డ్ రికార్డ్స్ అనే బుల్లి కంపెనీ 'యువ స్కాట్లండ్ నాదం' అని అట్టల మీద వేసుకుంది. అమెరికాలో మోటౌన్ కంపెనీ తన గురించి చెప్పుకున్న 'యువ అమెరికా నాదం' మీద అది వేళాకోళం. జేబులో పైసా లేదు, మాట మాత్రం మోటౌన్ మాట. 1986లో ఎన్.ఎమ్.ఇ. అనే సంగీత పత్రిక 22 బ్యాండ్ల పాటలతో 'సి86' అని క్యాసెట్ వేసింది. ఆ పేరే తర్వాత ఓ బాణీకి పేరైంది.

నాకిష్టమైంది సారా రికార్డ్స్ కథ. బ్రిస్టల్‌లో క్లేర్ వాడ్, మాట్ హేన్స్ అని ఇద్దరు 1987లో మొదలుపెట్టారు. ఎక్కువగా ఇలాంటి చిన్న రికార్డులే. ఒకే పాటను పెద్ద సైజులో ఇంకోసారి అచ్చేసి అభిమాని జేబు కొట్టడం వాళ్ళకు గిట్టదు. ప్రతిదానికీ వరస నెంబరు. 1995లో నెంబరు 100కి రాగానే, బాగా నడుస్తుండగానే, 'ఇక చాలు' అని పత్రికలో ప్రకటన వేయించి మూసేశారు. వ్యాపారం అంటే ఇలాగే చేస్తారా అన్నా?

మరుసటి ఏడాది గ్లాస్గోలో స్టో కాలేజీ విద్యార్థులు తమ కోర్సు లేబుల్ మీద ఏటా వేసే రికార్డు కోసం బెల్ అండ్ సెబాస్టియన్ అనే బ్యాండును ఎంచుకున్నారు. 'టైగర్‌మిల్క్' అనే ఆ ఆల్బమ్ మూడు రోజుల్లో రికార్డు చేశారు, వెయ్యి కాపీలు వేశారు. ఆ బ్యాండు గాయకుడు స్టూవర్ట్ మర్డాక్ అంతకుముందు ఏళ్ళ తరబడి నీరసం జబ్బుతో ఇంట్లో పడి ఉన్నవాడు. బయటి ప్రపంచం కిటికీలోంచే. ఆ పాటల్లో బస్సులు, బడి పిల్లలు, చర్చి హాళ్ళు అంత నిక్కచ్చిగా ఎందుకుంటాయో నాకు అప్పుడర్థమైంది. అట్టలు చూడండి: ఒకే రంగులో ముంచిన ఫొటో, స్మిత్స్ వాళ్ళ అట్టల అన్నదమ్ముల్లా. ఇది పాతకాలాన్ని అమ్ముకోవడం కాదు. చేతికందిన వాటితో ఇల్లు సర్దుకోవడం.

కొత్త_ఒరవడి · ఆదివారం రాత్రి 9:10

వాళ్ళు సర్దుకున్నరు సరే. తర్వాతోళ్ళు? ఇప్పుడు పాత గిటారు కొత్తదానికన్న ధర ఎక్కువ. పాత కోటు గూడ అంతే. సైమన్ రేనాల్డ్స్ 2011ల 'రెట్రోమేనియా' అని పుస్తకమే రాసిండు, పాప్ సంగీతం తన గతాన్నే తింటున్నదని. ఈడ ఆ మనిషితోని నేను.

గోదారి_గిటార్ · ఆదివారం రాత్రి 9:26

పుస్తకం చదివాను. వాదన బలంగానే ఉంది. కానీ దాని తర్వాత కూడా పాట వింటే కాలు ఆడుతోంది, ఏం చేయను? ఎమీ వైన్‌హౌస్ 'బ్యాక్ టు బ్లాక్' విన్నప్పుడు...

నిర్వాహకుడు · ఆదివారం రాత్రి 9:30

వైన్‌హౌస్ ఇండీ కిందికి వస్తుందా రాదా అన్న యుద్ధం పోయినేడాది 14 పేజీలు నడిచింది. దయచేసి ఇక్కడ తిరిగి మొదలుపెట్టకండి.

బెల్‌గ్రేవ్_వాణి · సోమవారం రాత్రి 7:40

నిన్న చుక్కల గౌను గురించి ఒక్క ముక్క రాసి పోయాను గానీ, అసలు సంగతి ఇంకోటుంది. ఎవరి గతం, అన్నది.

నేను లెస్టర్ వచ్చింది 1997 చివర్లో. మొదటి ఉద్యోగం అల్లిక దుస్తుల ఫ్యాక్టరీలో, కాలర్లు కుట్టే మిషన్ మీద. రోజంతా రేడియో. బ్రిట్‌పాప్ (అరవైల బాణీని తలపించే బ్రిటిష్ గిటారు పాటలు) ఊపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఎక్కడ చూసినా జెండా గిటార్లు, అరవైల జుట్లు. అందరూ తలుచుకుంటున్న ఆ అరవైల ఇంగ్లండ్‌లో మాలాంటి వాళ్ళకు గది అద్దెకిచ్చేవాళ్ళు కాదని పాతకాపులు చెప్పేవారు. కాబట్టి ఆ బెంగ నాకు అంటుకోలేదు. బాగుంది, కానీ నాది కాదు అనుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక రోజు రేడియోలో 'ఆశా' అన్న పేరు వినిపించింది. మిషన్ ఆపేశాను. కార్నర్‌షాప్ అనే బ్యాండు, లెస్టర్‌లోనే 1991లో పుట్టింది. మన ఆశా భోస్లే మీద, సినిమా పాటల రికార్డుల మీద పాట. లత పేరు, రఫీ పేరు కూడా వస్తాయి. నా పక్క మిషన్ మీద ఉండే తెల్లావిడ, అరవై ఏళ్ళుంటాయి, 'ఈ ఆశా ఎవరు?' అని అడిగింది. దారం కత్తిరించుకుంటూ చెప్పడం మొదలుపెడితే టీ గంట కొట్టేదాకా చెప్పాను. ఆ వారం దేశంలో మొదటి స్థానంలో ఉన్న పాట అది.

ఆ బ్యాండు గాయకుడు టిజిందర్ సింగ్ చేసింది కూడా రెట్రోనే. అదే చవక గిటారు, అదే మూడు స్వరాల పాట, అదే పాత రికార్డుల మీద మోజు. కాకపోతే వాళ్ళింటి బీరువాలో ఉన్నవి వేరే రికార్డులు. 1992లో స్మిత్స్ పాత గాయకుడు మోరిసీ కచేరీలో బ్రిటన్ జెండా యూనియన్ జాక్ ఊపి పాడాక, ఆయన పోకడల మీద నిరసనగా ఆయన ఫొటోను రికార్డు కంపెనీ ఆఫీసు ముందు తగలబెట్టింది కూడా ఈ బ్యాండే. వినేవాళ్ళకు అదంతా తెలియనక్కర్లేదు. నాకు మాత్రం తెలిశాక పాట ఇంకో మెట్టు ఎక్కింది.

ఇంకో సంగతి. 1997లో మొదట వచ్చినప్పుడు ఆ పాట పెద్దగా కదల్లేదు. నార్మన్ కుక్ అనే డీజే వేగం పెంచి రీమిక్స్ చేశాకే మొదటి స్థానానికి వెళ్ళింది. నాకు నిదానంగా నడిచే అసలుదే ఇష్టం. పల్లవిలో '45 మీద ఆశా' అని వస్తుంటే ఎన్నిసార్లు విన్నా చాలదు.

అలిపిరి_మెట్టు · సోమవారం రాత్రి 7:58

ఆశాజీ తెలుగులోనూ పాడింది కదక్కా, 2007లో 'చందమామ' సినిమాకి. మీ ఫ్యాక్టరీ కథ బాగుంది.

కొత్త_ఒరవడి · సోమవారం రాత్రి 8:10

వాణక్కా, మీ మాటకు ఎదురు చెప్ప. కార్నర్‌షాప్‌ను నా తిట్ల లిస్టుల నుంచి తీసేస్తున్న. పిపెట్స్ అట్లనే ఉంటరు.

కొండమీది_శీను · సోమవారం రాత్రి 8:31

అక్కా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. తెలియక ఒకటి అడుగుతాను, నవ్వకండి. '45 మీద' అంటే ఏమిటి? ఆవిడ వయసా?

మోనో_మూర్తి · సోమవారం రాత్రి 8:36

ఆగు ఆగు.

45 అంటే నిమిషానికి 45 చుట్లు. చిన్న రికార్డు తిరగాల్సిన వేగం. పెద్దదైతే 33. అందుకే చిన్న రికార్డునే '45' అంటారు. నాయనా శీనూ, నీ ప్లేయర్ మీద 33, 45, 78 అని రాసి ఒక మీట ఉందా?

కొండమీది_శీను · సోమవారం రాత్రి 8:40

ఉంది. అది బాస్ పెంచే మీట అనుకున్నాను. 33 మీద ఉంది. 45 మీద పెడితే అన్నీ గబగబా అరిచినట్టున్నాయని మొదటిరోజే వెనక్కి తిప్పేశాను. అప్పుడు వేసింది వేరే రికార్డు, పెద్దది.

మోనో_మూర్తి · సోమవారం రాత్రి 8:42

అందుకే షజామ్‌కి చిక్కలేదు. అది స్వరాల ఎత్తు, వాటి మధ్య ఎడం గుర్తుపెట్టుకుని పోలుస్తుంది. నువ్వు రెండూ మార్చేశావు. అయిదు నిమిషాలన్నప్పుడే అడగాల్సింది నేను. ముందు 45 మీద పెట్టు. తర్వాత మాట్లాడదాం.

రెండో_చరణం · సోమవారం రాత్రి 8:44

అయ్యో!! ఆర్గాన్. వయొలిన్లు. 'లార్డ్'. అది లార్డ్ కాదు శీనూ, లాయిడ్!

కొండమీది_శీను · సోమవారం రాత్రి 8:57

పాడేది అమ్మాయి.

రెండో_చరణం · సోమవారం రాత్రి 9:15

కెమెరా అబ్‌స్క్యూరా అనే బ్యాండు, గ్లాస్గో. పాడింది ట్రేసీయాన్ క్యాంబెల్. పాట 'లాయిడ్, ఐ యామ్ రెడీ టు బీ హార్ట్‌బ్రోకెన్', 2006.

ఈ లాయిడ్ ఎవరంటే లాయిడ్ కోల్. ఆయన గ్లాస్గోలో చదువుకుంటూ కమోషన్స్ అనే బ్యాండు పెట్టాడు. 1984లో వాళ్ళ మొదటి ఆల్బమ్ చివర్లో ఒక పాట ఉంది, గుండె పగలడానికి సిద్ధమేనా అని అడుగుతుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత అదే ఊరి అమ్మాయి లేచి, సిద్ధమే లాయిడ్, అని జవాబు చెప్పింది. మన అవధానాల్లో పృచ్ఛకుడు సమస్య ఇస్తే పూరించినట్టు. కాకపోతే ఇక్కడ అవధాని ఇరవై రెండేళ్ళు తీసుకుంది. దిగులు మాటల్లో ఉంది, పాట మాత్రం ఎండలో సైకిలు తొక్కినట్టుంటుంది. కొత్త_ఒరవడి అన్నా, నకలు అంటే ఇది కూడా నకలే. ఎంచక్కా ఉత్తరానికి జవాబు రాయడం లాంటి నకలు.

ఆ బ్యాండులో కీబోర్డులు వాయించే కేరీ లాండర్ 2015లో ఎముక కాన్సర్‌తో చనిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళు ఆగిపోయారు. 2024లో మళ్ళీ ఆల్బమ్ తెచ్చారు. ఈసారి ఆ మొదటి ఆర్గాన్ వినేటప్పుడు కాస్త ఆగి విను.

గోదారి_గిటార్ · సోమవారం రాత్రి 9:20

వారం రోజులు 33లో విని ప్రేమలో పడ్డావా నాయనా! నీది కొత్త బాణీ. పేరు పెట్టి అమ్ముకో.

కొత్త_ఒరవడి · సోమవారం రాత్రి 9:22

నవ్వలేక సస్తున్న. 'నావాడు ఇంకా బద్ధకస్తుడు' అంట 😂😂

కొండమీది_శీను · సోమవారం రాత్రి 11:48

నవ్వండి, నవ్వండి. నెంబరు కూడా టార్చి వేసి చూశాను, మూర్తి గారూ. రెండో_చరణం గారు చెప్పిన రికార్డే.

45లో వరసగా ఆరుసార్లు విన్నాను. చాలా బాగుంది. కాలు ఆగడం లేదు. కింద గదివాళ్ళు చీపురుకర్రతో కప్పు మీద కొట్టారు కూడా. బస్టాపు పోయింది, వాన పోయింది. వాటి బదులు ఎవరో అమ్మాయి బ్యాగు సర్దుకుని ఊరు దాటిపోతున్నట్టుంది.

కానీ నిజం చెప్పాలంటే, ఆ బొంగురు గొంతాయన ఎక్కడికి పోయాడా అని మనసు పీకుతోంది. వారం రోజులు రోజూ రాత్రి కనపడి, ఒక్కసారిగా లేకుండా పోతే ఎలా? ఆయన ఇంకో పాట పాడి ఉంటే వినేవాణ్ణి.

బెల్‌గ్రేవ్_వాణి · మంగళవారం ఉదయం 6:50

మీట వెనక్కి తిప్పితే ఉన్నాడు కదమ్మా, ఎక్కడికీ పోలేదు. ఆశా పాట చిన్న రికార్డు మా ఇంట్లో రెండున్నాయి. ఒకటి పంపిస్తాను, అడ్రసు వేరుగా రాయి. దాన్ని మాత్రం 33లో పెట్టావంటే లెస్టర్ నుంచి రైలెక్కి వస్తాను.

కొండమీది_శీను · మంగళవారం ఉదయం 7:15

పెట్టను అక్కా. 78లో ఒక్కసారి.